ప్రిమో లెవీ పుస్తకం తిరిగిస్తూ అందరూ అడిగే ప్రశ్నలు

నా పుస్తకాల్లో ఎక్కువమంది చేతులు మారింది ప్రిమో లెవీ రాసిన 'ఇఫ్ దిస్ ఈజ్ ఎ మ్యాన్'. వెనక అట్ట ఊడిపోయింది, మధ్యలో ఎవరిదో సాంబారు మరక కూడా ఉంది. తీసుకెళ్లినవాళ్లలో సగంమంది పూర్తి చెయ్యలేదు. పూర్తి చేసినవాళ్లు మాత్రం ఊరికే ఇచ్చి వెళ్లిపోరు, గుమ్మం దగ్గరే చెప్పులు వేసుకుంటూ ఏదో ఒకటి అడుగుతారు. తమాషా ఏంటంటే అందరూ దాదాపు అవే అడుగుతారు. ఇటలీలో స్కూలు పిల్లలు కూడా ఆయన్ని అవే అడిగేవాళ్లట. చెప్పీ చెప్పీ, చివరికి 1976లో ఈ పుస్తకం స్కూలు ఎడిషన్ వెనక ఆయనే ఎనిమిది ప్రశ్నలు వేసుకుని జవాబులు రాసి పెట్టాడు. కాబట్టి ఈ పని మొదట చేసింది ఆయనే. నేను మా గుమ్మం దగ్గర విన్నవి, వాటికి నాకు తోచింది, ఆయన చెప్పింది కలిపి రాస్తున్నాను.

ముందు ఒక మాట చెప్పండి, ఎవరీయన? పుస్తకంలో ఏముంది?

1919లో ఇటలీలోని టూరిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. కెమిస్ట్రీ చదివాడు. ముస్సోలినీ మనుషుల మీద తిరగబడదామని కొండల్లోకి వెళ్లిన ఒక చిన్న గుంపులో చేరి, సరిగ్గా తుపాకి పట్టడం కూడా రాకముందే 1943 డిసెంబరు 13న దొరికిపోయాడు. యూదుడినని చెప్పాడు. ఫొస్సోలి అనే శిబిరంలో కొన్నాళ్లు పెట్టి, 1944 ఫిబ్రవరి 22న గూడ్సు పెట్టెల్లో ఎక్కించి పోలండ్‌లో నాజీలు నడిపిన ఆష్విట్జ్ మృత్యుశిబిరానికి పంపారు. ఆ రైల్లో 650 మంది అని ఆయన లెక్క. దిగాక 96 మంది మగవాళ్లు, 29 మంది ఆడవాళ్లు పనికి పనికొస్తారని పక్కకి తీశారు. మిగతా అయిదు వందల పైచిలుకు మంది రెండు రోజులు తిరక్కుండా పోయారు, పిల్లలతో సహా.

చేతి మీద 174517 అని పచ్చ పొడిచారు. ఆష్విట్జ్‌లోనే భాగమైన మోనోవిట్జ్‌లో ఐజీ ఫార్బెన్ అనే జర్మన్ కంపెనీ కడుతున్న 'బునా' అనే కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీలో కూలిపని, చివర్లో అక్కడి ల్యాబులో పని. 1945 జనవరి 27న సోవియట్ ఎర్రసైన్యం వచ్చి విడిపించింది. ఇల్లు చేరేసరికి అక్టోబరు అయింది. శిబిరంలో ఉన్న ఆ పదకొండు నెలలే ఈ పుస్తకం.

ఇంత గొప్పదైతే వచ్చినప్పుడే పేరు రావాలి కదా?

రాలేదు. మొదట ఐనౌడీ అనే పెద్ద ప్రచురణ సంస్థకి పంపితే వద్దన్నారు. అక్కడ చదివి వద్దన్నవాళ్లలో నటాలియా గింజ్‌బర్గ్ అనే రచయిత్రి ఉంది. ఆవిడా యూదు కుటుంబంలోంచి వచ్చిందే, ఆవిడ భర్త 1944లో రోము జైల్లో చిత్రహింసలకి చనిపోయాడు. అంటే బాధ తెలియని మనిషి వద్దన్న పుస్తకం అనడానికి లేదు. చివరికి 1947లో దె సిల్వా అనే చిన్న ప్రచురణ సంస్థ 2500 కాపీలు వేసింది. ఇతాలో కల్వీనో లాంటి రచయితలు ఒకరిద్దరు మెచ్చుకుంటూ రాశారు. అమ్ముడుపోని ఆరు వందల దాకా కాపీలు ఫ్లారెన్స్‌లో ఒక గోడౌన్లో పడి ఉండి 1966 వరదల్లో తడిసి ముద్దయిపోయాయి. అప్పటికి ఎనిమిదేళ్ల ముందే, 1958లో, మొదట వద్దన్న ఐనౌడీయే మళ్లీ వేసింది. జనం చదవడం మొదలుపెట్టింది అప్పుడే.

కారణం పెద్ద చిక్కుముడేం కాదు. యుద్ధం అయిపోయింది, ఇళ్లు కట్టుకోవాలి, పెళ్లిళ్లు చెయ్యాలి, ఎవరింట్లో వాళ్లకి చావులున్నాయి. ఇంకొకడి చావుల సంగతి వినే ఓపిక ఎవరికుంటుంది?

నేను మధ్యలో ఆపేశాను. తప్పంటారా?

తప్పని నేనెలా అంటాను, నేనూ మొదటిసారి అరవయ్యో పేజీ దగ్గర ఆపేసి మూడు నెలలు ముట్టుకోలేదు. కానీ ఆ అరవై పేజీల చుట్టుపక్కలే ఒక కల ఉంటుంది, అది చదివి ఆపారో చదవకుండా ఆపారో చూసుకోండి.

శిబిరంలో రాత్రి చెక్క బల్ల మీద, పక్కవాడితో ఇరుక్కుని పడుకుని ఉంటాడు. కలలో ఇంట్లో ఉంటాడు. ఎదురుగా చెల్లెలు, ఒక స్నేహితుడు, ఇంకా బోలెడుమంది. ఆయన చెప్తూ ఉంటాడు: రైలు కూత, గట్టి బల్ల, పక్కకి జరుగు అని లేపుదామంటే వాడు తనకంటే బలమైనవాడని భయం, ఆకలి, పేల తనిఖీ, కాపో (తోటి ఖైదీల మీద పెత్తనం చేసే ఖైదీ) ముక్కు మీద గుద్దితే కారిన రక్తం. చెప్పడంలో ఒళ్లంతా తెలియని సుఖం. అంతలో గమనిస్తాడు, ఎవరూ వినడం లేదు. వాళ్లలో వాళ్లు ఇంకేదో మాట్లాడుకుంటున్నారు. చెల్లెలు ఒకసారి చూసి, లేచి, మాట్లాడకుండా వెళ్లిపోతుంది. పొద్దున్నే ఈ సంగతి అల్బెర్తో అనే స్నేహితుడితో చెప్తే, నాకూ ఇదే కల, ఇక్కడ చాలామందికి ఇదే కల అంటాడు.

మీకేమనిపిస్తుందో గానీ నాకు మాత్రం ఇది చదివాక కాస్త సిగ్గేసింది. పుస్తకం ఇంకా లేదు, పాఠకుడు పుట్టనే లేదు, కానీ పాఠకుడు లేచి వెళ్లిపోతాడన్న భయం అప్పటికే ఉంది. ఆపితే ఆపండి. మళ్లీ తియ్యండి, అంతే.

ముందున్న పద్యంలో మనల్ని శపిస్తాడేంటి? నేనేం చేశాను?

మా పిన్నికి ఇదే కోపం. వెచ్చటి ఇంట్లో ఉండి, సాయంత్రం ఇంటికొస్తే వేడి అన్నం దొరికే మీరు ఇది జరిగిందని తలుచుకోండి, పిల్లలకి చెప్పండి, చెప్పకపోతే మీ ఇల్లు కూలిపోవాలి, మీ పిల్లలు మీ నుంచి మొహం తిప్పుకోవాలి అని ఉంటుంది ఆ పద్యం. యూదులు రోజూ చదువుకునే ప్రార్థన ఒకటుంది, 'విను' అన్న మాటతో మొదలవుతుంది, పిల్లలకి చెప్పు, ఇంట్లో ఉన్నా దారిలో ఉన్నా చెప్పు అంటుంది. దాన్నే తీసుకుని మెలిపెట్టాడు. పుస్తకం మొత్తంలో గొంతు పెంచింది దాదాపు ఇక్కడొక్కచోటే. మా పిన్ని "శాపనార్థాలు పెట్టే పుస్తకం ఇంట్లో ఉంచకూడదు" అని మర్నాడే తిరిగిచ్చేసింది. నిజం చెప్పాలంటే లెవీ మాటని అంత సీరియస్‌గా తీసుకున్న పాఠకురాలు నాకింకెవరూ తగల్లేదు.

నాకు ఏడుపు రాలేదు. నా గుండె రాయా?

ఇది చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు, ఏదో జబ్బు సంగతి చెప్పినట్టు. రాయేం కాదు. ఆయన ఏడిపించాలని రాయలేదు. శిబిరం నుంచి బయటపడ్డాక ఆయన రాసిన మొదటిది కథ కూడా కాదు, మెడికల్ రిపోర్టు. తనతోపాటే ఉన్న డాక్టరు లియొనార్దో దె బెనెదెత్తీతో కలిసి, సోవియట్ అధికారులు అడిగితే, మోనోవిట్జ్‌లో తిండి, మరుగుదొడ్లు, రోగాలు ఎలా ఉండేవో రాసిచ్చాడు. అది 1946లో ఇటలీలో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడు రాసినా చెయ్యి అలాగే నడిచింది: ఇంత బరువు, ఇన్ని గంటలు, ఇంత రొట్టె. జడ్జిమెంటు పాఠకుడే ఇచ్చుకోవాలి, సాక్షి పని చూసింది చెప్పడం, అని ఆయనే అన్నాడు.

మనకి అలవాటైంది వేరు. మన దగ్గర విషాదం అంటే వెనక వయొలిన్ ఉండాలి, తల్లి గుండెలు బాదుకోవాలి. అది లేకపోయేసరికి ఏం చెయ్యాలో తెలీక, నాలోనే ఏదో లోపం అనుకుంటాం. నాకు తెలిసిన ఒకాయన, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు, చదివినన్నాళ్లూ ఏమీ అనిపించలేదన్నాడు. తర్వాత ఒకరోజు పెళ్లి భోజనాల దగ్గర బంతిలో నిలబడి ఉంటే, ముందు వడ్డించినవాళ్లకి సాంబారు నీళ్లగా, చివరివాళ్లకి ముక్కలతో పడుతుండటం చూశాడట. శిబిరంలో సూపు లైన్లో ఎక్కడ నిలబడితే గరిటె అడుక్కి దిగుతుందో లెక్కేసుకునే సంగతి గుర్తొచ్చి, తినకుండా చెయ్యి కడుక్కుని వచ్చేశాడు.

చెంచా గురించి అంత గొడవెందుకు?

మనం చేత్తో తింటాం కాబట్టి మనకిది వెంటనే తట్టదు. అక్కడ ఇచ్చేది నీళ్లలాంటి వేడి సూపు. కొత్తగా వచ్చినవాడికి గిన్నె ఇస్తారు, చెంచా ఇవ్వరు. చెంచా లేకపోతే కుక్కలా నాకాలి. కావాలంటే తన రొట్టెలోంచి కొంత ఇచ్చి దొంగ బజార్లో కొనుక్కోవాలి. సరే, యుద్ధకాలం, కరువు, చెంచాలు లేవేమో అనుకుంటాం. శిబిరం వదిలి జర్మన్లు పారిపోయాక చూస్తే స్టోరులో కొత్త ప్లాస్టిక్ చెంచాలు వేలకొద్దీ ఉన్నాయట. అవి కాక, వచ్చినవాళ్ల సామాన్లలోంచి లాక్కున్న అల్యూమినియంవి, స్టీలువి, వెండివి. పొదుపు కోసం కాదు, కావాలనే ఇవ్వలేదు. ఇది 1986లో వచ్చిన ఆయన చివరి పుస్తకాల్లో ఒకటైన 'ది డ్రౌన్డ్ అండ్ ది సేవ్డ్'లో రాశాడు. నలభై ఏళ్లు చెంచా మర్చిపోలేదు మనిషి.

ఎందుకు పారిపోలేదు? అంతమంది ఉన్నారు కదా, ఎందుకు తిరగబడలేదు?

నంబర్ వన్ ప్రశ్న. మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, వాడైతే అడగడం కాదు, దబాయించాడు.

వీడికంటే ముందు ఇటలీలో ఒక అయిదో తరగతి కుర్రాడున్నాడు. లెవీ వాళ్ల క్లాసుకి వెళ్తే, ఎందుకు పారిపోలేదు అని అడిగాడు. ఆయన చెప్పిన జవాబు వాడికి ఆనలేదు. బోర్డు మీద శిబిరం బొమ్మ వెయ్యమన్నాడు: కాపలా బురుజులు ఎక్కడ, గేట్లు ఎక్కడ, ముళ్లకంచె ఎక్కడ, కరెంటు స్టేషన్ ఎక్కడ. క్లాసంతా చూస్తుండగా ఆయన వేశాడు. వాడు కాసేపు చూసి, ఒకటి రెండు సందేహాలు తీర్చుకుని, ప్లాను చెప్పాడు. రాత్రిపూట ఈ మూల సెంట్రీ గొంతు కోసెయ్యాలి, వాడి బట్టలు వేసుకోవాలి, పరుగెత్తి వెళ్లి కరెంటు తీసెయ్యాలి, లైట్లు ఆరిపోతాయి, కంచెలో కరెంటు పోతుంది, ఇక నింపాదిగా నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు. చివర్లో, మళ్లీ ఇలా జరిగితే నేను చెప్పినట్టు చెయ్యండి, మీ వల్ల అవుతుంది అని ధైర్యం కూడా చెప్పాడు.

నవ్వొస్తుంది గానీ, ఆ పిల్లాడి తప్పేం లేదు. వాడికి తెలిసిన జైలు సినిమా జైలు. హీరో బలంగా ఉంటాడు, బయటికొస్తే ఎవడో ఒకడు అన్నం పెడతాడు. ఇక్కడ ఉన్నవాడు ఎముకల గూడు, కాలికి చెక్క చెప్పులు, గుండు, ఒంటిమీద చారల బట్టలు, చేతిమీద నంబరు, భాష రాదు, వెళ్లడానికి ఊరు లేదు ఎందుకంటే ఊళ్లో వాళ్లవాళ్లంతా ఇక్కడే ఉన్నారు లేదా పోయారు. ఒకడు పారిపోతే వెనకున్నవాళ్లని గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా నిలబెట్టేవాళ్లు, తోడున్నారని అనుమానం వచ్చినవాళ్లని చంపేవాళ్లు. అయినా పారిపోయినవాళ్లున్నారు.

తిరగబడలేదన్నది అసలు నిజం కాదు. 1943 ఆగస్టు 2న ట్రెబ్లింకా శిబిరంలో, అదే ఏడు అక్టోబరు 14న సోబిబోర్ శిబిరంలో, 1944 అక్టోబరు 7న ఆష్విట్జ్ బిర్కెనావ్‌లోనే తిరుగుబాట్లు జరిగాయి. బిర్కెనావ్‌లో శవాలు కాల్చే పనిలో పెట్టిన ఖైదీలే శవాలు కాల్చే భవనాల్లో ఒకదాన్ని పాడుచేశారు. దాంతో సంబంధం ఉందని ఒకణ్ణి మోనోవిట్జ్ ఖైదీలందరి ముందు ఉరితీసిన రోజు గురించి లెవీ రాశాడు. వాడు చనిపోయేముందు చివరివాణ్ణి నేనే అని అరుస్తాడు. చూస్తున్న వేలమందిలో ఒక్కరూ కిక్కురుమనరు. బ్యారక్‌కి తిరిగొచ్చాక లెవీ, అల్బెర్తో ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. మా తమ్ముడి కొడుక్కి ఆ అధ్యాయం మళ్లీ చదవమని ఇచ్చాను. వాడేమీ అనలేదు, కానీ దబాయించడం మానేశాడు.

జర్మన్లని క్షమించేశాడా? అంత నెమ్మదిగా ఎలా రాశాడు?

స్కూలు ఎడిషన్‌లో ఆయన వేసుకున్న మొదటి ప్రశ్న ఇదే. జవాబు సూటిగా ఉంటుంది: క్షమించలేదు. చేసినవాడు తప్పు తెలుసుకున్నానని మాటలతో కాకుండా చేతలతో, మరీ ఆలస్యం కాకముందే చూపిస్తే అప్పుడు ఆలోచిస్తాను, అప్పుడు వాడు శత్రువే కాడు. మరి ద్వేషం ఎందుకు లేదంటే, ఒక జాతిని మొత్తంగా ద్వేషించడం నాజీల పద్ధతి, అది నాకొద్దు అన్నాడు. శిబిరంలో ఉండి వచ్చిన మరో రచయిత జాన్ ఆమెరీ ఈయన్ని 'క్షమించేవాడు' అన్నాడు. అది తిట్టూ కాదు, పొగడ్తా కాదు, సరైన మాట కాదు అంతే అని లెవీ ఒప్పుకోలేదు.

కానీ అసలు కథ 1961లో మొదలవుతుంది, పుస్తకం జర్మన్‌లో వచ్చినప్పుడు. జర్మన్‌లో రాబోతోందని తెలిసినప్పుడు యుద్ధం గెలిచినట్టనిపించిందని రాశాడు. నేను ఇటాలియన్లకీ పిల్లలకీ రాస్తున్నానని అనుకున్నాను, కానీ తుపాకి గురిపెట్టినట్టు ఈ పుస్తకం గురిపెట్టింది వాళ్ల మీదే, ఇప్పుడు మందు దట్టించి ఉంది అన్నట్టు రాశాడు. అందుకే మొదట ప్రచురణకర్తకి దాదాపు దబాయిస్తూ ఉత్తరం రాశాడు, ఒక్క మాట మార్చడానికి వీల్లేదు, అనువాదం ముక్క ముక్క నాకు చూపించాలి అని. తీరా అనువాదకుడు హైంజ్ రీడ్ట్ మంచివాడే తేలాడు, యుద్ధంలో ఇటలీ పార్టిజాన్లతో (గెరిల్లాలతో) కలిసి నాజీల మీద పోరాడిన జర్మన్. మాటల దగ్గర మాత్రం ఇద్దరూ కొట్టుకున్నారు. శిబిరంలో లెవీ నేర్చుకున్న జర్మన్ బూతుల, కేకల జర్మన్. ఇలాంటి భాష మా పాఠకులకి అర్థం కాదేమో అంటాడు రీడ్ట్. నేను విన్నది అదే, అదే పెట్టు అంటాడు లెవీ.

తర్వాత ఉత్తరాలు రావడం మొదలైంది. మూడు నాలుగేళ్లలో నలభై దాకా. ఎక్కువ కుర్రవాళ్లవి, మా పెద్దవాళ్లు మాకేం చెప్పలేదు అని. హాంబర్గ్ నుంచి ఒకాయన మాత్రం, హిట్లర్ నమ్మిన జనాన్ని మోసం చేశాడు, మామూలు మనుషులు ఏం చెయ్యగలరు అన్న ధోరణిలో పెద్ద ఉత్తరం రాశాడు. లెవీ కోపంగా జవాబిచ్చింది బహుశా దానికొక్కదానికే: హిట్లర్ ఎవర్నీ మోసం చెయ్యలేదు, చెయ్యబోయేదేమిటో ఎప్పుడూ దాచలేదు, ఓటేసినవాళ్లు ఆ మాటలకే ఓటేశారు. వీస్‌బాడెన్ నుంచి రాసిన హెటీ అనే ఆవిడతో ఉత్తరాలు పదహారేళ్లు నడిచాయి. పాఠకురాలిగా మొదలై స్నేహితురాలైంది.

ఇంకొక ఉత్తరం సంగతి చెప్పి ఆపుతాను, ఇది 'ది పీరియాడిక్ టేబుల్' (1975) అనే పుస్తకంలో 'వెనేడియం' అన్న అధ్యాయంలో ఉంది. యుద్ధం తర్వాత లెవీ రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టు. జర్మనీ నుంచి తెప్పించిన రెజిన్‌తో చేసిన వార్నిషు ఆరట్లేదు. కంప్లయింట్ చేస్తే అవతల కంపెనీ నుంచి ముల్లర్ అనే డాక్టరేటున్నాయన జవాబు రాశాడు. అందులో ఒక రసాయనం పేరులో అక్షరం తప్పు. అలాంటి ఇంకో రసాయనం పేరుని అదే తప్పుతో బునా ల్యాబులో ఒక ముల్లర్ పలికేవాడు! గడ్డం వారానికి రెండోసారి గీయించుకోవడానికి, తోలు బూట్లకి చీటీ రాసిచ్చి, మీరెందుకు అంత కంగారుగా కనిపిస్తున్నారు అని అడిగిన ముల్లర్. ఆయనే ఈయన. లెవీ పుస్తకం జర్మన్ ప్రతి పంపాడు. జవాబొచ్చింది, పశ్చాత్తాపం ఉంది, దాంతోపాటే ఆ ఫ్యాక్టరీని యూదుల్ని కాపాడ్డానికే కట్టారన్న నమ్మలేని మాటా ఉంది. కలుద్దాం అన్నాడు. ఫోన్లో అడిగితే లెవీ తడబడి సరే అన్నాడు. కలవకముందే ముల్లర్ పోయాడు. నిజ జీవితంలో ఆ మనిషి పేరు వేరు, క్రమం కూడా కథలో ఉన్నట్టే జరగలేదని తర్వాత జీవితచరిత్రలు రాసినవాళ్లు తేల్చారు. అయినా నాకు ఆ ముల్లర్ రాక్షసుడి కంటే ఎక్కువ భయం కలిగిస్తాడు, ఎందుకంటే అలాంటి మర్యాదస్తులు నాకు బోలెడుమంది తెలుసు.

దేవుడి మీద ఎందుకంత కోపం?

కూన్ సంగతి కదా అడుగుతున్నారు. 1944 అక్టోబరులో ఎంపిక జరుగుతుంది, ఎవరు గ్యాస్ చాంబర్‌కి వెళ్లాలో. అయిపోయాక, ముసలి కూన్ తన బల్ల మీద ఊగుతూ గట్టిగా దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటాడు, నన్ను ఎంచలేదు తండ్రీ అని. పక్క బల్ల మీద బెప్పో అనే ఇరవయ్యేళ్ల గ్రీకు కుర్రాడు దీపం వైపు చూస్తూ పడుకుని ఉంటాడు. వాడు ఎల్లుండి వెళ్తాడు, వాడికి తెలుసు. నేనే దేవుణ్ణైతే కూన్ ప్రార్థన ఉమ్మేసేవాణ్ణి అంటాడు లెవీ.

మనకి ఇది ఎందుకు గుచ్చుకుంటుందంటే, అది మన నోట్లో రోజూ ఉండే మాట. బస్సు బోల్తా పడి పదిమంది పోతే, మనవాడు బతికితే, "దేవుడు చల్లగా చూశాడు" అంటాం. ఆ పదిమందిని ఏ కంటితో చూశాడు? నేనూ అంటాను, అలవాటు. ఈ పేజీ చదివాక అనబోయి రెండు మూడుసార్లు నాలిక్కరుచుకున్నాను, తర్వాత మళ్లీ మామూలే.

కోపం అనడం కంటే మొండితనం అనాలి. అదే నెల తన వంతు వచ్చినప్పుడు, బట్టల్లేకుండా చీటీ చేత్తో పట్టుకుని లైన్లో ఉన్నప్పుడు, ఒక్క క్షణం ప్రార్థించాలనిపించిందట. ఆట చివర్లో, అదీ ఓడిపోతున్నప్పుడు, రూల్సు మార్చకూడదని మానుకున్నాడు. తిరిగొచ్చాక భక్తుడైన స్నేహితుడొకడు, నువ్వు రాయాలనే దేవుడు నిన్ను బతికించాడు అన్నాడు. ఆ మాట ఆయనకి ఘోరంగా తోచింది. నాకంటే మంచివాళ్లు పోయారు, బతికింది మంచివాళ్లు కాదు అని చివరిదాకా అంటూనే ఉన్నాడు.

మోటివేషన్ బుక్ అనుకుని తీసుకున్నాను. ఇందులో అదేం లేదే?

మీరు ఫ్రాంక్ల్‌తో కలిపేసుకున్నారు. విక్టర్ ఫ్రాంక్ల్ రాసిన 'మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్' మన పుస్తకాల షాపుల్లో, ఎయిర్‌పోర్టుల్లో ధనవంతులవడమెలా పుస్తకాల పక్కన ఉంటుంది. ఆయనా శిబిరాల్లోంచి వచ్చినవాడే, సైకియాట్రిస్టు. బాధలో అర్థం వెతుక్కున్నవాడు నిలబడతాడని ఆయన వాదన. లెవీ లెక్క వేరు. నేను బతికింది అదృష్టం వల్ల అంటాడు: కొంచెం జర్మన్ వచ్చు, కెమిస్టుని, చివరి శీతాకాలం ల్యాబులో నీడపట్టున ఉన్నాను, లొరెంజో అనే ఇటాలియన్ తాపీమేస్త్రి ఆరు నెలలపాటు రోజూ ఏమీ ఆశించకుండా సూపు తెచ్చిపెట్టాడు, సరిగ్గా జర్మన్లు శిబిరం వదిలి పారిపోతూ ఖైదీల్ని చావు నడక నడిపించుకుపోయే సమయానికి నాకు స్కార్లెట్ జ్వరం వచ్చి ఆస్పత్రిలో ఉండిపోయాను. అల్బెర్తో ఆరోగ్యంగా ఉన్నాడు, నడిచి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇందులోంచి సక్సెస్ సూత్రం తియ్యండి చూద్దాం.

ఇదంతా నిజమేనా? కట్టుకథలని వాట్సాప్‌లో చూశాను.

నిజమే. 1979లోనే ఫ్రాన్స్‌లో ఒక ప్రొఫెసరు గ్యాస్ చాంబర్లే లేవని వాదిస్తే లెవీ పత్రికలో జవాబు రాశాడు, మేం అక్కడ ఉన్నాం అని. బాధితుల మాట నమ్మరా, చేసినవాడి మాట వినండి: ఆష్విట్జ్ కమాండెంట్ రుడాల్ఫ్ హోస్, ఉరికి ముందు పోలండ్ జైల్లో తన చేత్తోనే రాసి పెట్టాడు. ఒక్క ఆష్విట్జ్‌లోనే పదకొండు లక్షలమంది, అందులో పది లక్షల దాకా యూదులు. మొత్తం మీద అరవై లక్షలమంది యూదులు.

దొంగ జ్ఞాపకాలు లేవని కాదు. 1995లో స్విట్జర్లాండ్ నుంచి ఒకాయన శిబిరంలో గడిచిన బాల్యం అని పుస్తకం రాస్తే, అవార్డులొచ్చాక అంతా కల్పన అని తేలింది. దాన్ని పట్టుకున్నది కూడా రికార్డులు తవ్విన చరిత్రకారులూ పాత్రికేయులే, ఫార్వర్డ్‌లు కావు. మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. కఠినంగా ఉండే మేష్టారికి హిట్లర్ అని ముద్దుపేరు పెడతాం. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద హిట్లర్ ఆత్మకథ ఎప్పుడూ దొరుకుతుంది, లెవీ కోసం నేను చాలా ఆదివారాలు తిరిగాను.

మన బాధలు మనకి చాలవా? కారంచేడు, చుండూరు మీద చదివారా?

ఒక కుర్రాడు కాస్త కోపంగానే అడిగాడు, అడగాల్సిన ప్రశ్నే. రెండూ తక్కెడలో పెట్టి తూచడం నాకిష్టం లేదు, 1985 కారంచేడు వేరు, ఇది వేరు. కానీ ఆ కుర్రాడే పుస్తకం తిరిగిస్తూ, మా పెద్దనాన్న ఆ రోజు ఏం జరిగిందని అడిగితే ఎప్పుడూ చెప్పడు, ఇప్పుడు ఆయన్ని ఇంకోలా అడగాలనిపిస్తోంది అన్నాడు. ఎలా అని అడిగితే, "ఆ రోజు పొద్దున ఏం తిన్నావు అని మొదలెడతా" అన్నాడు.

ఆత్మహత్య చేసుకున్నాడట కదా? మరి ఇంత చెప్పి ఏం లాభం?

1987 ఏప్రిల్ 11న, టూరిన్‌లో తను పుట్టిన ఇంట్లోనే, మూడో అంతస్తు నుంచి మెట్ల మధ్య ఖాళీలోకి పడి చనిపోయాడు. అధికారులు ఆత్మహత్యనే తేల్చారు. పొరపాటున పడ్డాడేమో అని వాదించినవాళ్లూ ఉన్నారు. ఆష్విట్జ్‌లోనే చనిపోయాడు, నలభై ఏళ్లు ఆలస్యంగా అని, తనూ ఆష్విట్జ్ నుంచి బతికొచ్చిన రచయిత ఎలీ వీజల్ అన్నాడు. మాట బాగుంది గానీ నాకు నచ్చదు. ఆ నలభై ఏళ్లలో ఆయన రంగులు తయారుచేశాడు, కథలు రాశాడు, పిల్లల్ని పెంచాడు, స్కూళ్లు తిరిగాడు. అవన్నీ ఎక్కడ పెడతాం? చివరి రోజు చూసి మొదటి పేజీని అనుమానించేవాళ్లతో నేను వాదన పెట్టుకోను.

ఏ పేరుతో దొరుకుతుంది? పిల్లలకి ఇవ్వొచ్చా?

ఇంగ్లిష్‌లో స్టువర్ట్ వుల్ఫ్ అనువాదం, 1959లో వచ్చింది. అమెరికాలో అదే పుస్తకాన్ని 'సర్వైవల్ ఇన్ ఆష్విట్జ్' అని పేరు మార్చి అమ్మారు, రెండూ కొని డబ్బులు తగలేసుకోకండి. పేరు మార్చడంతో 'ఇతను మనిషేనా' అన్న ప్రశ్న కాస్తా సాహసగాథ అయిపోయింది. టెన్త్ దాటిన పిల్లలకి ఇవ్వొచ్చు, అంతకంటే ముందైతే పక్కన కూర్చోండి.

మీకు బాగా గుర్తుండిపోయింది ఏది?

సూపు తేవడానికి వెళ్లే అధ్యాయం. జాన్ అనే ఫ్రెంచి మాట్లాడే కుర్రాడు లెవీని తోడు తీసుకెళ్తాడు. కిలోమీటరు దూరం నడక, తిరుగుదారిలో యాభై కిలోల డేగిశా. ఇటాలియన్ నేర్పు అంటాడు జాన్. లెవీకి ఎందుకో ఇటలీ మహాకవి డాంటే పద్యం గుర్తొస్తుంది, సముద్రం మీదికి వెళ్లిన యులిసీజ్ కథ. చెప్తాడు, ఫ్రెంచిలో అర్థం చెప్తాడు, మధ్యలో పాదాలు ఎగిరిపోతాయి. ఆ మర్చిపోయిన పాదాలు అతికించగలిగితే ఇవాళ్టి సూపు వదులుకుంటానంటాడు. ఆకలితో చస్తున్న మనిషి! అంతలో వంటశాల వస్తుంది, లైన్లో నిలబడతారు, ఇవాళ క్యాబేజీ, టర్నిప్ దుంపల సూపని నాలుగు భాషల్లో చెప్పుకుంటారు.

మా మేనమామ రిటైరైన తెలుగు మేష్టారు. ఈ అధ్యాయం మాత్రమే చదివి పుస్తకం తిరిగిచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి పోతన పద్యం ఒకటి ఎత్తుకుని మూడో పాదం దగ్గర ఆగిపోయాడు. నేను ఫోన్లో చూసి చెప్తానంటే "నువ్వుండవోయ్" అని కసిరి వెళ్లిపోయాడు. రాత్రి పదింటికి ఫోన్ చేసి మూడో పాదం అప్పజెప్పి పెట్టేశాడు.